డబ్బులు నావి, మాట అమ్మది: పెద్దవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీసిచ్చే సర్వీసు గురించి

ముందే చెప్తున్నాను. ఈ సినిమాకు 85,000 రూపాయలు కట్టింది నేను. అందులో ఒక ముక్క తీసేయమంటే తీసేయలేదు, ఇంకో ముక్క ఉంచమంటే ఉంచలేదు. అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో ఇద్దరే నడుపుకునే చిన్న సర్వీసు ఇది. ఇంట్లో పెద్దవాళ్ళ జీవితం మీద అరగంట, ముప్పావుగంట డాక్యుమెంటరీ తీసిస్తారు. డైరెక్షన్, ఎడిటింగ్ ఒక మేడమ్ చూసుకుంటారు. కెమెరా, సౌండ్ ఒక కుర్రాడు. మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ నాన్న మీద తీయించుకుని లంచ్ టైంలో మాకు చూపించారు. అలా తెలిసింది. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు వెతుకుతారు, వెతికితే మా అమ్మ దొరుకుతుంది. అమ్మ ఒప్పుకున్నది చుట్టాల వరకే. కాబట్టి ఇది పేరు లేని రివ్యూ, సర్దుకోండి. ఎలాంటి వాళ్ళను వెతుక్కోవాలో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మాది పోచంపల్లి వైపు ఒక ఊరు. చేనేత కుటుంబం. అమ్మకు 68 ఏళ్ళు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆసు పోసింది (నేతకు ముందు దారాన్ని మేకుల మీద అమర్చే పని, దాని గురించి తర్వాత చెప్తాను), చిటికీలు కట్టింది (రంగు అంటకూడని చోట దారానికి వేసే కట్లు), కండెలు చుట్టింది, నాన్న లేచి బయటికెళ్తే మగ్గం కూడా ఎక్కింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక కండెలు, చిటికీలు మాత్రమే చేస్తుంది. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. అందుకే ఈ రివ్యూలో బిల్లు గురించి కొంచెం ఎక్కువే ఉంటుంది.

డాక్యుమెంటరీ ఎందుకు అంటే, నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన గొంతు మా దగ్గర ఉన్నది పదకొండు సెకన్లు. వాట్సాప్ వాయిస్ మెసేజ్. "గ్యాస్ బుక్ జేసినవా, మీ అమ్మ అడుగుతుంది" అని. అంతే. అమ్మ విషయంలో అలా కాకూడదనుకున్నాను.

అమ్మకు కెమెరా అంటే పడదు. దానికో కారణం ఉంది. కరోనా తగ్గాక చీరలు అమ్ముడుపోక మా వాడకట్టంతా ఖాళీగా కూర్చున్న రోజుల్లో, ఒక యూట్యూబ్ ఛానల్ అబ్బాయి వచ్చాడు. చేనేతకు ప్రచారం అన్నాడు. అమ్మ అద్దకం దగ్గర ఉంది, రంగు కాగుతోంది, ఆవిరికి కళ్ళ నీళ్ళు వస్తున్నాయి. ఇరవై నిమిషాలు తీసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. వారం తర్వాత ఆ కళ్ళ నీళ్ళే పెద్ద ఫొటోగా, పైన ఎర్ర అక్షరాలతో, ఆకలితో ఏడుస్తున్న చేనేత తల్లి అన్నట్టుగా వచ్చింది. వెనక వయోలిన్. లోపల అమ్మ మాట్లాడింది రంగులు ఎలా కలుపుతారు అన్నదాని గురించి. అది ఎవడు వింటాడు?

భివండి నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసి "చిన్నమ్మకు అన్నం పెడుతలేవా?" అని అడిగాడు. షోలాపూర్ చుట్టాలు గూగుల్ పే నంబర్ పంపమన్నారు. నేను ఛానల్‌కు నాలుగు మెసేజ్‌లు పెట్టాను. జవాబు లేదు. అమ్మ ఆర్నెల్లు పెళ్ళిళ్ళకు పోలేదు. పోతే అందరూ ప్లేటులో ఇంకో గరిటె వేసి పెడతారని.

ఈ మాట ఫోన్‌లో మేడమ్‌కు ముందే చెప్పాను. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. మొదటి రోజు కెమెరా తీసుకురాము అన్నారు, అంతే. కొటేషన్‌లో "పరిచయం, 1 రోజు" అని ఉంటే, కెమెరా లేని రోజుకు డబ్బులెందుకని అడిగాను. పెట్రోలు, మా టైమ్ సార్ అన్నారు. ఆ రోజుకు 6,000. తగ్గించమన్నాను. తగ్గించలేదు.

ఆ 6,000 మొత్తం బిల్లులో నాకు గిట్టుబాటైన మొదటి ఐటెమ్.

పొద్దున తొమ్మిదికి వచ్చారు. అమ్మ గడప దగ్గరే ఆపి అడగడం మొదలుపెట్టింది. "ఎవల పిల్లవు బిడ్డా? మీ అమ్మ నాయిన ఏం జేస్తరు? పెండ్లయిందా?" ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినవాళ్ళను అమ్మ గంటసేపు ఇంటర్వ్యూ చేసింది. మేడమ్ అన్నిటికీ జవాబు చెప్పారు. వాళ్ళ అమ్మ బీడీలు చుట్టేదట, విడాకులయ్యాయట, అద్దె ఇంట్లో ఉంటారట. నాకైతే ఇబ్బందిగా అనిపించింది. తర్వాత ఆవిడ ఒక మాటన్నారు: రేపు నేను అడగబోయేవి ఇంతకంటే ఇబ్బందివి సార్, నాది చెప్పకుండా ఆమెది ఎలా అడుగుతాను?

మధ్యాహ్నం ఇద్దరూ రాట్నం దగ్గర కూర్చున్నారు. కుర్రాడు దారం మూడుసార్లు తెంపాడు. అమ్మ పడీ పడీ నవ్వింది, చెయ్యి పట్టుకుని నేర్పింది. సాయంత్రానికి "రేపు మిషిన్ తెస్తరా?" అని తనే అడిగింది. కెమెరాను మిషిన్ అంటుంది.

రెండో రోజు కాగితం. రెండు పేజీలు, తెలుగులో. ఆఫీసులో ఇలాంటి కాగితాలు రోజూ చూస్తాను, ఎవరూ చదవరు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే పెట్టేస్తారు. వీళ్ళు మొత్తం చదివి వినిపించారు. చదివాక కాగితం పక్కన పెట్టి, మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పమ్మా అని అడిగారు. అమ్మ చెప్పింది రికార్డ్ చేశారు. నడిమిట్ల ఒద్దంటే ఆపేస్తారు. అంతా అయినంక నాకు చూపెడతరు. నాకు నచ్చనిది తీసేస్తరు. చివరి కాపీ అయిపోయేదాకా మొత్తమే ఒద్దని కూడా అనొచ్చు. అక్కడ నేను మధ్యలో దూరి, మొత్తం వద్దంటే నా అడ్వాన్సు సంగతేంటి అన్నాను. అడ్వాన్సు తిరిగి రాదు సార్, మీ కాగితంలో ఆరో పాయింట్ అన్నారు. చూసుకుంటే ఉంది. చదవకుండా సంతకం పెట్టింది నేనే.

ఎవరెవరు చూడొచ్చు అన్నదానికి మూడు గళ్ళు. ఇంట్లోవాళ్ళు మాత్రమే, చుట్టాలకు లింకు, అందరికీ. అమ్మ రెండోది అంది. అని మళ్ళీ ఆలోచించి రెండు ప్రశ్నలు అడిగింది. "నేను సచ్చినంక ఇది ఎవల దగ్గరుంటది?" "ఆ ఎర్ర అక్షరాలు పెడతరా?"

సంతకానికి ముందు మేడమ్ నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. నా ఇల్లు, నా డబ్బులు, నా అమ్మ, నన్ను బయటికి పొమ్మనడమేంటని ఒళ్ళు మండింది. అరుగు మీద పావుగంట కూర్చున్నాను. పక్కింటి బాబాయ్ వచ్చి "ఏమైందిరా, లోపల ఎవలన్నా డాక్టరా?" అని అడిగాడు. నాకు తర్వాత తెలిసింది, కొడుకు బలవంతం మీద ఒప్పుకుంటోందా, నిజంగానే ఇష్టమా అని విడిగా అడుగుతారట. అమ్మ ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు. ఒప్పుకుంది, అంతవరకు తెలుసు.

బిల్లులో ఇంకో వింత లైను: "అమ్మగారి మూడు రోజుల కూలి, 1,500". నేను వాళ్ళకు కట్టాలి, వాళ్ళు మా అమ్మకు ఇవ్వాలి. మా అమ్మకు నేనే ఇచ్చుకుంటాను కదా, మధ్యలో మీరెందుకు అని వాదించాను. మీరిస్తే అది కొడుకు ఇచ్చిన డబ్బు సార్, మేమిస్తే పని మానుకున్నందుకు వచ్చిన కూలి అన్నారు. లెక్కల్లో ఈ రెండింటికీ తేడా లేదు. అమ్మకు ఉంది. ఆ మూడు అయిదొందల నోట్లు దేవుడి పటం వెనక పెట్టుకుంది, ఇంకా ఖర్చు పెట్టలేదు. ఎవరొచ్చినా చూపిస్తుంది.

షూటింగ్ మూడు రోజులు. కుర్చీలో కూర్చోబెట్టి లైట్లు పెట్టి అడగడం కుదరలేదు. మొదటి అరగంట అలా చూశారట, అమ్మ పదో తరగతి పరీక్షలాగా జవాబులు చెప్పింది. కుర్చీ తీసేసి అమ్మను రాట్నం ముందు కూర్చోబెట్టారు. చేతులకు పని ఉంటే అమ్మ నోరు దానంతటదే నడుస్తుంది. రాట్నం చప్పుడు మాటలకు అడ్డమొస్తుందని కుర్రాడు గొణిగాడు. సినిమా మొత్తంలో ఆ కిర్రుమనే చప్పుడు ఉంది, నాకైతే అదే నచ్చింది.

మైకు సంగతి చెప్పాలి. చీర కొంగుకు చిన్న మైకు తగిలించారు. మధ్యాహ్నం అన్నాలప్పుడు అది తీయడం అందరూ మర్చిపోయారు. అమ్మ దొడ్లోకి వెళ్ళి పక్కింటామెతో ఇరవై నిమిషాలు మాట్లాడింది. అదంతా రికార్డయింది. కుర్రాడు హెడ్‌ఫోన్‌లో వినగానే తీసి పక్కన పెట్టి, నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మీరు బయట మాట్లాడింది ఇందులో పడింది, నేను రెండు మాటలు విన్నాను, తప్పయింది" అన్నాడు. అమ్మ ముందే ఆ ఫైల్ తీసేసి చూపించాడు. చెప్పకపోయినా మాకెవరికీ తెలిసేది కాదు. అమ్మ కాసేపు మొహం ముడుచుకుని, "ఏం ఇన్నవ్?" అని అడిగింది. చెప్పాడు. ఫర్లేదులే అంది. ఆ సాయంత్రం నుంచి అమ్మ వాడికి రెండో కప్పు చాయ్ అడగకుండానే ఇచ్చింది. దొడ్లో ఏం మాట్లాడిందో నాకు తెలియదు, మా ఆవిడకు మాత్రం ఏదో అనుమానం ఉంది.

ఇప్పుడు ఆసు గురించి. ఇక్కత్ చీరకు, అంటే ముందే దారానికి రంగు అద్ది నేసే చీరకు, చిటికీలు కట్టే ముందు పేక (అడ్డం) దారాన్ని లెక్క ప్రకారం అమర్చాలి. ఒక వైపు ఒక మేకు, మీటరు దూరంలో రెండో వైపు అర్ధచంద్రాకారంలో వరస మేకులు. దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒక చీరకు 9,000 సార్లు. రోజుకు రెండు చీరల ఆసు పోసేవాళ్ళు ఉండేవారు, అమ్మ ఒకతి. అంటే 18,000. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్ళ అమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేసిన సంగతి మా దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంటికి ఆ యంత్రం వచ్చాక అమ్మ చేత్తో ఆసు పోయలేదు. పాత చట్రం అటక మీద ఉంది.

చట్రం దించి, చేత్తో పోసి చూపిస్తారా అని అడిగారు. అమ్మ సంబరంగా కూర్చుంది. నాకు నచ్చలేదు. కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదు. పైగా ఇప్పుడు చేయని పనిని చేస్తున్నట్టు చూపిస్తే ఆ యూట్యూబ్ అబ్బాయికీ మీకూ తేడా ఏంటి అని అడిగేశాను. మొహం మీదే.

మేడమ్‌కు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. డాక్యుమెంటరీల్లో ఇది మొదటి నుంచీ ఉన్న జబ్బే సార్ అని, 1922 నాటి 'నానూక్ ఆఫ్ ది నార్త్' సంగతి చెప్పారు. కెనడా ఉత్తరాన మంచులో ఉండే ఇన్యూట్‌ల మీద తీసిన సినిమా. అప్పటి కెమెరా మంచు ఇంట్లో పట్టదు, వెలుతురు చాలదు, అందుకని ఒక పక్క గోడ లేని సగం ఇల్లు కట్టించి, ఆ చలిలో నిద్రపోతున్నట్టు, లేస్తున్నట్టు తీశారు. అప్పటికే వాళ్ళ దగ్గర తుపాకులున్నా, పాత కాలంలోలాగా ఈటెలతో వేటాడించారు. హీరో పేరు కూడా నానూక్ కాదు, అల్లకారియాల్లక్. వందేళ్ళ తర్వాత కూడా ఆ సినిమాను మెచ్చుకుంటారు, ఇలా కావాలని చేయించి తీశారన్న మాటా అంటారు.

"మరి మీరేం చేస్తారు?" అన్నాను.

చేయించారు. పది నిమిషాలే, మేడమ్ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని. సినిమాలో ఆ చోట తెర మీద తెలుగులో ఒక లైను వస్తుంది: ఇప్పుడు వీళ్ళింట్లో ఆసు యంత్రం మీద పోస్తారు, ఇది మేము అడిగితే చేసి చూపించారు. ఆ తర్వాత అమ్మ భుజం పట్టుకుని "అబ్బా" అంటూ ఆపేయడం కూడా ఉంచారు. యంత్రం నడుస్తున్న షాట్ వెంటనే వస్తుంది. నా ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు. ఆ రాత్రి అమ్మకు నొప్పి మందు రాసింది నేనే. కానీ దొంగతనంగా లేదు, అదొక్కటి ఒప్పుకుంటాను.

ఎడిటింగ్ అయ్యాక మొదటి కాపీ ఊరికి తెచ్చి టీవీలో చూపించారు. లింకు పంపిస్తే నేను చూసి చెప్పేస్తాను కదా అన్నాను. ముందు అమ్మ చూడాలి అన్నారు. సినిమా తీసిన ప్రతి వాళ్ళూ ఇలా ముందే చూపిస్తే ఎవరి సినిమా అయినా బయటికి వస్తుందా అని కూడా అడిగాను. అందరికీ ఇది కుదరదట. పెద్దమనుషుల అవినీతి మీద తీసేవాళ్ళు వాళ్ళకే ముందు చూపించి పర్మిషన్ అడగలేరు కదా. కానీ మనల్ని నమ్మి ఇంట్లోకి రానిచ్చిన వాళ్ళ సంగతి వేరు అన్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఖబర్ లహరియా అని గ్రామీణ మహిళలు నడిపే వార్తా సంస్థ ఉంది, వాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీకి 2022లో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. వేడుకకు కొద్ది రోజుల ముందు ఆ సంస్థే ఒక ప్రకటన ఇచ్చింది. సినిమా బాగుంది, శక్తిమంతంగా ఉంది, కానీ మేము ఒకే పార్టీ వార్తల వెంట పడే సంస్థ అన్నట్టు చూపించారు, అది మేము కాదు అని. తీసినవాళ్ళకు దురుద్దేశం ఉందని మేడమ్ అనలేదు. ఏళ్ళ తరబడి తీసినది గంటన్నరకు కుదిస్తే, ఏది ఉంచామన్నదే ఆ మనుషుల మొహం అయిపోతుంది అన్నారు. ఈ మాట మాత్రం బాగా పట్టింది నాకు. ఎందుకంటే ఆ సాయంత్రమే నా మొహం చూసుకున్నాను.

సినిమా మొదట్లో డ్రోన్ మీద నుంచి పోచంపల్లి కనిపించింది. వెనక ఎవరిదో గంభీరమైన గొంతు. 1951లో వినోబా భావే వచ్చారు, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చారు, 2005లో ఇక్కత్‌కు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది అని. అమ్మ రెండు నిమిషాలు ఓపిక పట్టి, "దీన్ల నేనెప్పుడొస్త?" అంది. చివరి కాపీలో ఆ రెండు నిమిషాలు లేవు. ఇప్పుడు సినిమా రాట్నం చప్పుడుతో మొదలవుతుంది.

పద్దెనిమిదో నిమిషంలో నా సంగతి వచ్చింది.

నేను ఆరో తరగతిలో చౌటుప్పల్ స్కూల్లో చేరాను. మీ నాన్న ఏం చేస్తాడని సారు అడిగితే బట్టల వ్యాపారం అని చెప్పాను. ఒకరోజు నాన్న సైకిల్ మీద చీరల మూట కట్టుకుని, నాకు ఫీజు డబ్బులు ఇవ్వడానికి స్కూలుకు వచ్చాడు. చేతులకు ఎర్ర రంగు. దోస్తులు ఎవరురా అంటే, మా దగ్గర పనిచేసే మనిషి అన్నాను. నాన్న అయిదడుగుల దూరంలో ఉన్నాడు. వినలేదనే అనుకున్నాను. ముప్పై రెండేళ్ళు అలాగే అనుకున్నాను.

విన్నాడు. ఆ రాత్రి అమ్మకు చెప్పాడట. అమ్మ రాట్నం తిప్పుతూ, నవ్వుతూ, కెమెరాకు చెప్తోంది. "మా ఆయన ఇంటికొచ్చి, ఏమే, ఇయ్యాల్టి సంది నేను నీ కొడుకు దగ్గర పనికి కుదిరిన, జీతం ఎంతిస్తడో అడుగు అన్నడు."

టీవీ ముందు నేను, మా ఆవిడ, నా కూతురు, మా చెల్లె, బావ, పక్కింటి బాబాయ్. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ చూడకపోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

రాత్రి బయట మేడమ్‌ను పట్టుకుని, అది తీసేయండి అన్నాను. రేటు పెంచినా సరే అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు. అమ్మను అడగండి సార్ అన్నారు. బిల్లు నా పేరు మీద ఉంది కదా అన్నాను. "బిల్లు మీ పేరు మీద ఉంది. కథ అమ్మది." మర్యాదగానే అన్నారు. ఇంకేమన్నా బాగుండు, గొడవ పెట్టుకోవచ్చు.

అమ్మను అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆదివారం మళ్ళీ ఊరికి వెళ్ళి, అన్నం తింటూ, ఏదో మాట మధ్యలో పెట్టినట్టు అడిగాను. అమ్మ చారు పోస్తూ, "ఉండనియ్. మీ నాయిన గది చెప్పుకుంట ఎన్నిసార్లు నవ్విండో నీకేం ఎరుక?" అంది. మళ్ళీ నేనే, చెల్లె అత్తగారి వాళ్ళు చూస్తారు కదా అన్నాను. "సూడనియ్. పదకొండేండ్ల పోరడు అన్న మాట." ఉంది. ఇప్పటికీ ఉంది. చుట్టాలందరూ చూశారు. భివండి అన్నయ్య ఈసారి ఫోన్ చేసి అన్నం సంగతి ఎత్తలేదు, జీతం ఎంతిస్తున్నావని అడిగాడు.

అమ్మ తీసేయమన్నది వేరే ఉంది. ఒక పెద్దమనిషి గురించి నాలుగు నిమిషాలు. మాకు జరిగిన అన్యాయం అది, అమ్మ అంత సూటిగా చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. సినిమాలో అదే ప్రాణం అనుకున్నాను. మేడమ్ కూడా అలాగే అనుకున్నారని ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది. అమ్మ మాత్రం, ఆయన పోయిండు, ఇంట్లోవాళ్ళు ఇయ్యాల మన వాడకట్టోళ్ళకే పని ఇస్తున్నరు, తియ్యుండ్రి అంది. ఉంచితే బాగుంటుందని మేడమ్ ఒక్కసారి చెప్పారు, ఎందుకో కూడా చెప్పారు. రెండోసారి అడగలేదు. తీసేశారు. నేను మాత్రం వారం రోజులు వాదించాను. నా సంగతి ఉండమంటివి, వాళ్ళ సంగతి తీసేయమంటివి, ఇదేం న్యాయం అని. "నువ్వు నా కొడుకువు, నీకేమైతది?" అంది.

అదేమిటో ఇక్కడ కూడా రాయను. ఈ రివ్యూ పెట్టే ముందు అమ్మకు చదివి వినిపించాను. నా స్కూలు సంగతి రాయొచ్చా అంటే, నీది నువ్వు రాసుకో అంది.

ఇక లోపాలు. ఆరు వారాల్లో ఇస్తామన్నారు, పద్నాలుగు వారాలు పట్టింది. మధ్యలో నేను ఫోన్ చేస్తే తప్ప వాళ్ళు చేసింది లేదు. దసరాకు చుట్టాలందరూ వచ్చినప్పుడు వేద్దామనుకున్నాం, సంక్రాంతికి వేశాం. నాన్న ఫొటో వచ్చినప్పుడల్లా ఫ్లూట్ వస్తుంది. నాన్న ఫొటోలు మా దగ్గర నాలుగే ఉన్నాయి, నాలుగుసార్లూ అదే ఫ్లూట్. తీసేయమంటే ఈసారి అమ్మే ఉండనియ్ అంది, కాబట్టి వాళ్ళను ఏమీ అనలేను. 38 నిమిషాల సినిమాకు 85,000 చాలా ఎక్కువ, మా బావ ఆ డబ్బుతో రెండు చిన్న ఫంక్షన్లు తీయించేవాణ్ణి అన్నాడు. అడ్వాన్సు సగం ముందే కట్టాలి. అమ్మనాన్నలకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకునే వాళ్ళకు ఇది పనికిరాదు, వాళ్ళతో మాట్లాడకుండా వీళ్ళు మొదలే పెట్టరు. పొగడ్తల సినిమా కావాలన్నా వేరే చోట చూసుకోండి.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. అమెరికాలో ఉన్న మా చెల్లె మరిది పిల్లల కోసం వేయించాం, దానికి విడిగా 7,000. "చీర దిగింది" అంటే మా దగ్గర నేత అయిపోయింది, మగ్గం మీద నుంచి కోశాం అని. వీళ్ళ సబ్‌టైటిల్‌లో చీర కింద పడిపోయింది అని వచ్చింది. నేత తెలిసినవాళ్ళతో ఒక్కసారి చూపించుకోవాల్సింది. అది నవ్వుకోవచ్చు. నవ్వలేనిది ఇంకోటి. "అప్పట్ల మాకు జర తక్కువుండె" అని అమ్మ ఒక చోట అంటుంది. దానికి సబ్‌టైటిల్‌లో మేము కటిక పేదవాళ్ళం అన్న అర్థం వచ్చే మాట పెట్టారు. అమ్మ తన జీవితంలో ఎప్పుడూ ఆ మాట వాడలేదు. వాడిన వాళ్ళ ఇంటికి ఆర్నెల్లు పోలేదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నవాళ్ళు, అమ్మకు చదవరాని భాష దగ్గరికి వచ్చేసరికి ఆమెను అడగడం మర్చిపోయారు.

చెప్పాను. మేడమ్ ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మొత్తం సబ్‌టైటిల్స్ మళ్ళీ చేసి, ప్రతి లైనూ అమ్మకు తెలుగులో చెప్పి ఒప్పించుకున్నాకే పంపిస్తాను, డబ్బులు వద్దు అన్నారు. వచ్చే గురువారం ఊరికి వస్తున్నారట. కుర్రాడు కూడా వస్తాడా అని అమ్మ అడిగింది. చాయ్ పొడి తెమ్మంది.

ఎడిట్ చేయని వీడియో మొత్తం ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టి ఇచ్చారు. నా చేతికి కాదు, అమ్మ చేతికి. ఆ నాలుగు నిమిషాలు కూడా అందులో ఉన్నాయి, వద్దంటే పూర్తిగా చెరిపేస్తాం అన్నారట, ఉండనియ్ అందట. బీరువాలో పాత పట్టుచీర మడతల్లో పెట్టింది. తాళం చెవి ఆమె దగ్గరే ఉంటుంది.

నాలుగు స్టార్లు. సబ్‌టైటిల్స్ వచ్చాక అయిదోది చూద్దాం.